కర్నూలు, కడప, అనంతపురంలో ఇల్లు కట్టేవారి ప్రశ్నలు: మా పనులు, మా డిజైన్ల వెనక ఆలోచనలు

మాది కర్నూలులో చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు. కడప, అనంతపురం వైపు కూడా పనులు చేస్తాం. మొదటిసారి వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ పెట్టాం. మాతో పని చేయించుకోకపోయినా, మీ బేల్దారి మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఇవి అక్కరకొస్తాయి. మేం గట్టిగా నమ్మేది ఒకటుంది. ఈ సీమలో డబ్బు ముందు పునాదికి, తర్వాత పైకప్పుకు, ఆ తర్వాత పడమటి గోడకు పెట్టాలి. ఎలివేషన్ (ఇంటి ముందు వైపు అలంకరణ) సంగతి అన్నిటికంటే ఆఖరున చూసుకోవచ్చు.

ఇప్పుడు మీ చేతిలో ఏయే పనులున్నాయి?

ముఖ్యంగా మూడు. నంద్యాల దగ్గర నల్లరేగడి నేలలో 5 సెంట్ల స్థలంలో ఒక ఇల్లు. జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో పాత మిద్దె (రాతిగోడలు, మట్టికప్పు ఉన్న ఇల్లు) మరమ్మతు. అనంతపురంలో పడమటి ముఖం ఉన్న స్థలంలో కింద దుకాణం, పైన కాపురం. మూడింటి కష్టం మూడు రకాలు: మొదటిది నేలతో, రెండోది వాన నీటితో, మూడోది ఎండతో. కింది జవాబులు చాలావరకు ఈ మూడు పనుల చుట్టూనే ఉంటాయి.

నల్లరేగడిలో కడితే గోడలు పగులుతాయంటారు. నిజమేనా?

నేలను పట్టించుకోకుండా కడితే పగులుతాయి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఇంటి అంచుల కింద నేల ఏటా తడిసి ఆరుతుంది. నడి ఇంటి కింద మాత్రం తడి దాదాపు ఒకే తీరుగా నిలిచి ఉంటుంది. దాంతో అంచులు ఒకలా, మధ్య భాగం ఒకలా కదులుతాయి. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా పైకి పోయే పగులు, మధ్యలో బొర్ర తేలిన నేల, వానాకాలంలో పట్టేసి ఎండాకాలంలో వదులయ్యే తలుపు దీని గుర్తులు. ఆ పగులుకు పైన సిమెంటు మెత్తితే మరుసటేడు మళ్ళీ అక్కడే విచ్చుకుంటుంది.

నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఈ నేల ఎక్కువ. మందం తక్కువగా ఉండి, కింద గట్టి గరుసు దొరికితే, నల్లమట్టి మొత్తం తీసేసి ఫుటింగులను (స్తంభాల కింది కాంక్రీటు పాదాలను) గరుసు మీద కూర్చోబెడతాం. మందం ఎక్కువైతే అడుగున గుండ్రటి ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) వేస్తాం. లోతైన నల్లరేగడిలో ఇవి కనీసం మూడున్నర మీటర్ల లోతుకు దిగాలి. ఏటా తడిసి ఆరే పొరను దాటి, కదలని పొరను పట్టుకోవడం కోసమే ఆ లోతు. ఉబ్బు వెడల్పు సాధారణంగా పైల్ వెడల్పుకు రెండున్నర రెట్లు ఉంటుంది.

పైల్స్ బాగా వేసి కూడా బీమ్ దగ్గర పని చెడగొట్టుకునేవాళ్ళున్నారు. పైల్స్‌ను కలిపే బీమ్ నేలకు ఆనకూడదు. దాని కింద కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో మట్టి కూరి, దాని మీదే కాంక్రీటు పోశారంటే, వానకు ఉబ్బిన నేల బీమ్‌ను కింది నుంచి తోస్తుంది. పైల్స్‌కు పెట్టిన ఖర్చంతా వృథా. అందుకే నంద్యాల పనిలో బీమ్ కాంక్రీటు రోజున మా మనిషి అక్కడ ఉండాలని ఒప్పందంలోనే రాసుకున్నాం.

ఇంటి చుట్టూ 4 అడుగుల వెడల్పున, బయటికి వాలుగా గచ్చు లేదా బండ పరుపు వేయించండి. స్నానాల గది నీళ్ళు, ఏసీ నీళ్ళు గోడ మొదట్లో పడకుండా పైపుతో దూరంగా తీసుకెళ్ళండి. వేపచెట్టు మంచిదే కానీ, ఈ నేలలో గోడకు ఆనించి నాటితే దాని వేళ్ళు తడి లాగేస్తాయి, ఆ మూల కుంగుతుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో నాటడం మేలు.

మట్టి పరీక్షలో అసలు ఏం చూస్తారు?

నేల ఎంత బరువు మోస్తుంది, ఎంత ఉబ్బుతుంది అన్న రెండూ చూస్తారు. ఉబ్బు తెలుసుకునే పరీక్ష చాలా సులువు, ల్యాబులో మీరే చూడొచ్చు. ఆరబెట్టి సన్నగా జల్లించిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో నీళ్ళు నింపి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్ళలో రేగడి మట్టి బురదలా పైకి పొంగి కనబడుతుంది. కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల దగ్గర నిలిచిన మట్టి నీళ్ళలో 17 దాకా వస్తే ఉబ్బు 70 శాతం. 50 లోపైతే తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 దాటితే ఎక్కువ.

పరీక్షకు మట్టిని పైపైన గడ్డపారతో తవ్వి ఇస్తే ఉపయోగం లేదు. పునాది దిగే లోతు నుంచి, స్థలంలో కనీసం రెండు చోట్ల నుంచి తీయించాలి.

మాది అనంతపురం ఎర్రనేల. మాకు ఇదంతా అవసరమా?

చాలాచోట్ల అక్కర్లేదు. నాలుగైదు అడుగుల్లో గట్టి గరుసో బండో తగిలితే మామూలు ఫుటింగులు చాలు. పూడ్చిన బావి, పూడ్చిన కుంట, పాత ఇటుక బట్టీ గుంతల విషయంలో మాత్రం జాగ్రత్త. పక్కింటి పెద్దవాళ్ళను అడిగితే ఆ స్థలంలో ముందు ఏముండేదో తెలుస్తుంది. తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ వైపు నల్లనేలలూ ఉన్నాయి కాబట్టి జిల్లా పేరు చూసి పునాది తేల్చకండి.

పై అంతస్తులో రాత్రి పదింటికి కూడా సెగ ఎందుకు కొడుతుంది?

స్లాబు, 9 అంగుళాల ఇటుక గోడ పగలంతా ఎండను తాగి, గంటల తరబడి దాచుకుని, మీరు పడుకునే వేళకు లోపలికి వదులుతాయి. ఏసీ వేసినా ముందు ఆ గోడల వేడినే లాగాలి. కాబట్టి ఎండ స్లాబును తాకకుండా చూడటమే మొదటి పని.

మేం ఎక్కువగా చేసేది తెల్ల టైలు ముక్కల పరుపు. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు కలిపిన పొర. ఆ పొరలోనే నీటి వాలు 100 అడుగులకు ఒక అడుగు వచ్చేలా తీర్చాలి. దాని మీద పగిలిన తెల్ల టైలు ముక్కలు పరిచి, సందులు తెల్ల సిమెంటుతో నింపాలి. బూడిదరంగు సిమెంటుతో నింపితే కప్పులో మంచి భాగం నల్లబడి ఎండను తాగుతుంది. టైలు దుకాణాల్లో పగిలిన ముక్కలు మిగులుతుంటాయి, ముందే చెప్పి పెట్టుకోండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను గుండ్రంగా తిప్పి, పరుపును గోడ మీదికి 6 అంగుళాలు ఎక్కించాలి. కప్పు కారడం ఎక్కువగా మొదలయ్యేది ఈ మూలలోనే. మార్చిలో ఒకసారి కప్పు కడగండి. దుమ్ము పట్టిన తెలుపు పెద్దగా పనిచేయదు.

అంత ఖర్చు కుదరకపోతే, ఏటా ఎండలు ముదరకముందే రెండు పూతలు సున్నం వేయించినా తేడా తెలుస్తుంది.

సన్‌షేడు ఎంత పొడవు ఉండాలి? అందరూ రెండడుగులే వేస్తారు కదా?

దక్షిణపు కిటికీకి రెండడుగులు సరిపోతుంది. కర్నూలు దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. 4 అడుగుల ఎత్తు కిటికీకి, దాని పై అంచుకే ఆనించి 2 అడుగుల సన్‌షేడు వేస్తే, ఫిబ్రవరి మూడో వారం నుంచి అక్టోబరు మూడో వారం దాకా మధ్యాహ్నపు ఎండ గాజును తాకదు. చలికాలంలో కొంచెం లోపలికొస్తుంది, అది హాయిగానే ఉంటుంది. చాలామంది షేడును కిటికీకి అడుగు పైన వేస్తారు. అప్పుడు ఈ లెక్క మొత్తం తప్పుతుంది.

పడమటి కిటికీకి ఎంత పొడవు షేడైనా దండగే, ఎందుకంటే సాయంత్రం సూర్యుడు కిందికి దిగి నేరుగా కంటికి ఎదురుగా కొడతాడు. అక్కడ కావాల్సింది అడ్డు. అనంతపురం దుకాణం పైన ఉన్న ఇంటికి పడమటి గోడకు రెండున్నర అడుగుల ముందు ఇటుక జాలీ గోడ (గాలి పోయే సందులున్న గోడ) లేపుతున్నాం. మధ్య సందులో మెట్లు, ఉతికిన బట్టల దండెం వస్తాయి. ఎండను జాలీ కాస్తుంది, రెండు గోడల నడుమ వేడెక్కిన గాలి పైకి పోతుంది. ఆ సందును పైన మూసేస్తే పొయ్యి మీద పెట్టినట్టే, కాబట్టి పైన తెరిచే ఉంచాలి.

వాస్తు పాటిస్తారా?

ఇంటివాళ్ళకు నమ్మకం ఉంటే మొదటి గీతలోనే పాటిస్తాం. స్లాబు పడ్డాక మార్చాలంటే ఇంటికీ, జేబుకూ నష్టం. చిక్కు ఎక్కడంటే, నైరుతిలో పెద్ద పడకగది ఉండాలంటారు. ఈ సీమలో సాయంత్రపు ఎండ ఎక్కువగా పడేది ఆ మూలకే. గది అక్కడే ఉంచి, పడమటి గోడ పొడవునా రెండడుగుల లోతు అల్మారాలు పెట్టి, మంచం తల దక్షిణం వైపు వేస్తాం. గోడ వేడి మంచం దాకా రాదు, వాస్తు చెప్పినవారికీ అభ్యంతరం ఉండదు. ఆగ్నేయంలో వంటిల్లు మాకు ఎప్పుడూ మంచిదే, పొద్దుటి ఎండ పడి గచ్చు ఆరుతుంది.

నాపరాయి, కడప బండ వాడమంటారా? గ్రానైటు మెరుగు కదా?

నేలకు, అరలకు, అరుగులకు మా మొదటి ఎంపిక నాపరాయే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి నుంచి లారీ తక్కువ దూరంలో వచ్చేస్తుంది, పరిచే చేయి తిరిగినవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. వట్టి కాళ్ళకు చల్లగా ఉంటుంది. వంటగట్టు మీద మాత్రం గ్రానైటే వేయించండి. కారణం ఇది: నాపరాయి సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ పడి ఎండితే మెరుగు తినేసి తెల్ల మచ్చ నిలుస్తుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు ఏర్పడింది కూడా కొద్దిపాటి పులుపు కలిసిన నీటికి సున్నపురాయి కరగడం వల్లే. అక్కడ యుగాలు పట్టిన పనిని టాయిలెట్ యాసిడ్ మీ ఇంట్లో నిమిషాల్లో చేస్తుంది. ఇల్లు అప్పగించే ముందు సిమెంటు మరకలు పోవడానికి పనివాళ్ళు యాసిడ్ పోస్తుంటారు. నాపరాయి నేల మీద అది వద్దని ముందురోజే చెప్పి ఉంచండి.

బండలు దింపేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. బండను నిలబెట్టి నీళ్ళు చల్లండి, ఐదు నిమిషాలు ఆగండి. పైన ఆరిపోయి, ఒక సన్నని గీత మాత్రం నల్లగా తడిగా నిలిచిందంటే అక్కడ పగులుంది. వేలి కణుపుతో కొడితే కంగుమనాలి. బొయ్యిమన్న చోట పొరలు విడిపోయి ఉంటాయి, నాలుగేళ్ళకు ఆ పెచ్చు లేస్తుంది. అరలకు అంగుళం మందం బండైతే ఆధారాల మధ్య మూడడుగులు మించనివ్వం. నల్ల కడప బండ ఆరుబయట ఎండకూ వానకూ బూడిద రంగుకు తిరుగుతుంది. రంగు నిలవాలంటే నీడలోనే వాడండి.

ఊళ్ళో పాత మిద్దె ఉంది. పడగొట్టి కొత్తది కట్టమంటారా?

గోడలు నిలువుగా ఉంటే పడగొట్టొద్దు. రెండడుగుల రాతిగోడ, మట్టికప్పు ఇచ్చే చల్లదనాన్ని కొత్త స్లాబు ఇల్లు ఏసీ లేకుండా ఇవ్వలేదు.

మిద్దె చెడేది సాధారణంగా మూడు చోట్ల. మొదటిది, బరువు. కారుతుందని ఏటా చవుడు (ఉప్పు మట్టి) పోస్తూ పోతే కప్పు మందం అడుగు దాటుతుంది. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు. దంతెలు (కప్పును మోసే అడ్డకర్రలు) వంగేది దీనికే. దాని మీద 4 అంగుళాల కాంక్రీటు పోస్తే ఇంకో 250 కిలోలు ఎక్కించినట్టు. మరమ్మతు పేరుతో చేసే పనుల్లో ఇంతకు మించిన తప్పు లేదు. రెండోది, గోడలో దాగిన దూలం కొసలు. బయటికి గట్టిగా కనిపించినా లోపల చెదలు తినేసి ఉంటుంది. సన్నని ఉలితో పొడిచి చూడాలి, సులువుగా దిగితే చెడినట్టే. మూడోది, సిమెంటు పూత. రాతి, మట్టి గోడలోని తడి సిమెంటు పూతను దాటి బయటికి రాలేదు, లోపలే ఉండి మట్టి మెత్తబడుతుంది.

జమ్మలమడుగు పనిలో చేస్తున్నది: పై మట్టిని పలచగా, ఒకే తీరుగా తీసేయడం. ఒక మూలే ఖాళీ చేస్తే కప్పు ఒరుగుతుంది, అందుకే వరుసగా అన్ని అంకణాల (దూలాల మధ్య భాగాల) మీదా కొంచెం కొంచెంగా తీయాలి. ఈలోపు ప్రతి దూలం కింద ఆసరా కర్రలు నిలపాలి. చెడిన కొసలు కోసి, గోడలోంచి రాతి ఆనికలు బయటికి తెచ్చి దూలాన్ని వాటి మీద కూర్చోబెట్టడం. తిరిగి నాలుగంగుళాల మట్టి, పైన రెండంగుళాల చవుడు. చవుట్లోని ఉప్పు గుణానికి బంకమన్ను రేణువులు విడిపోయి సందులు పూడుస్తాయి, అందుకే నీరు దిగదు. మృగశిర కార్తెకు ముందు ఏటా పలచగా కొత్త చవుడు చల్లాలి, పాతది గీరి తీశాకే. గోడలకు నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు. పాతకాలంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపేవారు. మేమూ బయటి పూతకు కలుపుతున్నాం.

పడసాలలో ఉన్న గవాచిని (వెలుగు, గాలి కోసం కప్పులో వదిలిన కంతను) మాత్రం మూయనివ్వం. దానికి రేకుతో చిన్న గొడుగు చేయించి, చుట్టూ గాలి పోయే సందు వదులుతున్నాం.

మీ డిజైన్లకు స్ఫూర్తి ఎక్కడి నుంచి?

ఎక్కువగా ఇక్కడి నుంచే. ఆ గవాచినే చూడండి. వేడిగాలి పైకి పోతుంది, వెలుగు కిందికి దిగుతుంది. ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా 1960ల మొదట్లో అహ్మదాబాదులో కట్టిన ట్యూబ్ హౌస్‌లో వాలు కప్పు శిఖరం దగ్గర సందు వదిలి వేడిగాలిని పంపించినదీ ఇదే సూత్రంతో. మా నంద్యాల ఇంట్లో మెట్ల గది పైభాగాన నాలుగు వైపులా జాలీలు పెడుతున్నది ఈ రెండూ చూసే. మెట్ల గదిని పైన మూసేస్తే ఇంటి వేడికి పోయే దారి ఉండదు.

లేపాక్షి వీరభద్రాలయం దగ్గర నేర్చుకోవాల్సింది వేలాడే స్తంభం కంటే నేల. గుడి కట్టినవాళ్ళు కొండను చదును చేయకుండా, బండ ఎక్కడ లేస్తే అక్కడే మెట్టు, అక్కడే శిల్పం చేశారు. పెద్ద నాగలింగం అక్కడే ఉన్న గుండును చెక్కింది. అనంతపురం చుట్టుపక్కల బండ తేలిన స్థలాలు వచ్చినప్పుడు, పేల్చి చదును చేయమని అడిగేవారికి మేం ఇదే చూపిస్తాం. గండికోటలో కమాను కప్పు ధాన్యాగారం చూడండి, ఒక్క ఇనుప కమ్మీ లేకుండా అంత వెడల్పు కప్పింది. తెల్ల టైలు ముక్కల కప్పుకు అహ్మదాబాదులో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోశి కట్టుకున్న సంగత్ స్టూడియో కమానులు మాకు ఆదర్శం.

కేరళలో తక్కువ ఖర్చు ఇళ్ళు కట్టిన ఆర్కిటెక్టు లారీ బేకర్ పద్ధతిలో కడితే చవకంటారు కదా?

సామాను మిగులుతుంది, నిజమే. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో సుమారు నాలుగో వంతు ఇటుకలు తగ్గుతాయి. ఇటుకలు అన్నీ ఒకే కొలతలో ఉంటేనే అది కుదురుతుంది. మన బట్టీల ఇటుకలు అర అంగుళం తేడాతో వస్తే, మిగిలిన డబ్బు సిమెంటుకూ కూలికీ పోతుంది. వంద ఇటుకలు తెప్పించి కొలిచాకే తేలుస్తాం.

పెంకుల ఫిల్లర్ స్లాబు మాకు ఇష్టమైన పని. స్లాబు అడుగుభాగంలో కాంక్రీటు చేసే పని తక్కువ, అక్కడ రెండేసి మంగళూరు పెంకులు బోర్లించి పెడితే కాంక్రీటు ఆదా, మధ్యలో గాలి ఉండటం వల్ల వేడీ తగ్గుతుంది. పెంకులు ముందే నీళ్ళలో నానాలి, లేదంటే కాంక్రీటులో నీళ్ళు పీల్చేస్తాయి. పోసేటప్పుడు తొక్కితే జరుగుతాయి, కాబట్టి నడవడానికి పలకలు వేయాలి. గోడల మీదుగా వచ్చే అంచుల్లో, బయటికి చాచిన భాగాల్లో, స్నానాల గదుల మీద పెంకులు పెట్టకూడదు. ఫ్యాను కొక్కేలు, కరెంటు పైపులు ఏ గడిలో వస్తాయో కమ్మీలు కట్టక ముందే గీయాలి. కమ్మీల మధ్య ఎడం స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క ప్రకారమే.

వాన నీళ్ళు దాచుకోవడం మన కరువు సీమలో లాభమా?

అనంతపురంలో ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పడేదాంట్లో 80 శాతం పట్టినా 40 వేల లీటర్లు దాటుతుంది. ప్రతి 450 చదరపు అడుగుల కప్పుకు ఒక 4 అంగుళాల పైపు ఉండాలి. మొదటి జల్లులో దుమ్ము, పిట్టల రెట్టలు ఉంటాయి, ఆ కప్పుకు తొలి 100 లీటర్లు బయటికి వదిలే ఏర్పాటు పెట్టి, మిగతాది జల్లెడ దాటాక సంపులోకి పంపుతాం. ఎక్కువైనది ఇంకుడు గుంతకు. నల్లరేగడిలో ఇంకుడు గుంత మాత్రం పునాదికి దగ్గరగా వద్దు.

కర్నూలులో తుంగభద్ర, హంద్రీ దగ్గర స్థలం కొన్నాం. ఏం చూడాలి?

2009 అక్టోబరు వరదలో నీళ్ళు ఆ వీధిలో ఎంత ఎత్తు వచ్చాయో పక్కవాళ్ళను అడిగి, గోడ మీద గుర్తు పెట్టించండి. కరెంటు మీటరు, ప్రధాన బోర్డు ఆ గుర్తుకు పైనే ఉండాలి. సంపు మూత నేలకు ఎత్తుగా ఉండాలి. ముఖ్యమైన కాగితాలు, బియ్యం డబ్బాలు పెట్టే గది పై అంతస్తులో ఉంచుకోండి. మురుగు పైపుకు నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించండి, వరదలో బాత్రూము నుంచే మొదట నీళ్ళు పైకొస్తాయి.

మీరు నిజంగా ఆర్కిటెక్టులేనని ఎలా తెలుసుకోవాలి?

1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. సీఏతో మొదలయ్యే నంబరు అడిగి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మా దగ్గరే కాదు, ఎక్కడికి వెళ్ళినా అడగండి.

ఫీజు ఎలా? ఏయే డ్రాయింగులు ఇస్తారు?

పని మొత్తానికి ముందే ఒప్పుకున్న ఫీజు, దశలవారీగా. మొదటి ప్లాను, అనుమతికి ఇచ్చే డ్రాయింగులు, కట్టడానికి కావాల్సిన పూర్తి డ్రాయింగులు, కట్టేటప్పుడు వచ్చి చూడటం అనే నాలుగు దశలు. అనుమతి డ్రాయింగు ఒక్కటి చేతికిచ్చి మేస్త్రీకి అప్పగించడం వల్ల చాలా ఇళ్ళు పాడవుతున్నాయి. దాంట్లో కిటికీ అడుగు ఎత్తు ఉండదు, పైపుల దారి ఉండదు, స్విచ్చు ఏ గోడకో ఉండదు. ఆ నిర్ణయాలన్నీ ఎండలో నిలబడి ఎవరికి తోచినట్టు వారు తీసుకుంటారు. అనుమతులు ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017, వాటికి ఆ తర్వాత వచ్చిన సవరణల ప్రకారం. చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలాన్ని గీత గీయకముందే చూస్తాం.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

రిజిస్ట్రేషన్ కాగితం నకలు, స్థలం నాలుగు వైపుల కొలతలు (కాగితంలో ఉన్నవి కాకుండా టేపుతో కొలిచినవి), రోడ్డు వెడల్పు, పక్క ఇళ్ళ ఎత్తు, నాలుగు మూలల నుంచి తీసిన ఫోటోలు. బోరు ఉంటే దాని లోతు. ఇంట్లో మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళుంటే చెప్పండి, వారి పడకగది, స్నానాల గది కింది అంతస్తులో పక్కపక్కన పెడతాం. మీ బడ్జెట్ ఉన్నదున్నట్టు చెప్పండి. తగ్గించి చెబితే పునాది దగ్గరే చేయి బిగబట్టాల్సి వస్తుంది.